పైడి నెత్తురు

రామతీర్థం దగ్గర,
11 ఫిబ్రవరి 2024

ఆమదాలవలసలో తవుడు బస్తాల మధ్య కూర్చున్న బంగారురాజు బావకి, కొండ కింద నడుం పట్టేసి కూర్చున్న జగన్నాధం బావ రాస్తున్నది.

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. కాగితం తీసి, మళ్ళీ పెట్టేసాను కూడా. నువ్వు చదివి, మడిచి, గల్లాపెట్టె కింద తోసేస్తావు. జవాబు ఎప్పటికో వస్తుంది, వచ్చినా అందులో సగం మీ స్టేషన్లో ఏ రైలు ఎంత ఆలస్యమైందో ఉంటుంది. ఫోను చెయ్యొచ్చు కదా అని మా చెల్లెలు కమల అంటుందని తెలుసు. ఫోను చెవికి పెట్టుకుంటే నాకు దోమ గొణిగినట్టుంటుంది తప్ప మాట తెలీదు. మా అబ్బాయి నవీన్ కొనిచ్చిన ఫోనులో అక్షరాలు నొక్కమంటారు. కళ్ళేలు పట్టిన వేళ్ళివి, ఒకటి నొక్కితే మూడు పడతాయి. కాబట్టి కాగితమే.

సంగతేమిటంటే, మా గుర్రం పైడి ఈనింది. మొన్న శుక్రవారం మధ్యాహ్నం, నేను అన్నం తిని లేస్తుండగా. ఆడపిల్ల. తల్లి తెల్లగా ఉంటే పిల్ల బెల్లం రంగులో పుట్టింది. తెల్ల గుర్రాలు పుడుతూనే తెల్లగా ఉండవు, పెరిగేకొద్దీ తెల్లబడతాయి, మనుషుల తలల్లాగే. ఈ సంగతి నాకు చెప్పింది విజయనగరంలో నా జట్కా ఎక్కిన ఒక కచేరీ గుమాస్తా. గంటస్తంభం నుంచి స్టేషనుకి పదకొండేళ్ళు జట్కా తోలాను కదా, నా చదువంతా ఆ ప్రయాణికులు వదిలేసిన పేపర్లే. ఆఖరి పేజీ ఎప్పుడూ చిరిగిపోయి ఉండేది. అందుకే నాకు చాలా సంగతులు సగమే తెలుసు.

అసలు మాటకి వస్తాను. నీకు గుర్తుండే ఉంటుంది. మూడేళ్ళ కిందట పైడి తొలి పిల్ల, కళ్ళు పచ్చబడి, నిలబడలేక, మూడో రోజున పోయింది. అది ఈనిన వేళకి నేను ఊళ్ళో లేను. మా కోడలు కుమారి ఒక్కతే ఉండి, పుట్టిన గంటకే పిల్లని తల్లి పొదుగుకి పట్టించింది. అప్పుడు నువ్వే కదా రాసావు: కొన్ని గుర్రాల్లో తల్లి ముర్రుపాలు పిల్ల నెత్తురుకి పడవు, విషమైపోతాయి, మూడు రోజులు దూరం పెట్టాల్సింది అని. ఆ ఉత్తరం కుమారికి చదివి వినిపించాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయిని గుర్రపు సాల గుమ్మం దాటనివ్వలేదు.

ఈసారి నేనే ఉన్నాను కాబట్టి నీ మాట తు.చ. తప్పలేదు. నూర్పుల్లో ఎద్దుల మూతికి కట్టే చిక్కం ఉంది కదా, అలాంటిదే చిన్నది అల్లి పిల్ల మూతికి కట్టాను. ఆవుపాలలో నీళ్ళు కలిపి సీసాతో పడుతున్నాను. శుక్రవారం సాయంత్రం రామస్వామికి చెప్పుకుందామని కొండకి వెళ్ళొచ్చాను కూడా.

కుమారి గుమ్మం అవతల నిలబడి, "మావయ్యా, ఆ సిక్కం తీసీండి. తల్లికి పొదుగు సేపి కారిపోతన్నాది, పిల్లకి ఆకలేస్తన్నాది" అంది.

"మొన్నటి దాన్ని నువ్వు తాగించావు. ఏటయ్యింది?" అన్నాను.

కుమారి లోపలికి వెళ్ళి గిన్నెలు తోమింది. గిన్నెల చప్పుడు మాత్రం నాకు బాగానే వినబడుతుంది.

ఈ కాన్పు గట్టెక్కితే నేనూ గట్టెక్కుతాను బావా. నాకు డెబ్భై రెండు. పెళ్ళి ఊరేగింపుల్లో ఆ డీజే మోత మధ్య మూడేసి గంటలు గుర్రం పక్కన నడవడం ఇంక నా మోకాళ్ళ వల్ల కాదు. కొత్తవలస త్రినాథ్ తల్లినీ పిల్లనీ ఇద్దరినీ తీసుకుంటానన్నాడు. అతని మగ గుర్రానికే దీన్ని దాటించాం. ఏడాదికో పిల్ల తీయాలని అతని ఆశ. నలభయ్యో రోజున వ్యాను తెస్తాడు. ఆ రోజు కోసం గోడ మీద గీతలు గీస్తున్నాను, జైల్లో వాళ్ళలాగ.

అయితే ఈ ఉదయం పిల్ల కంటి రెప్ప ఎత్తి చూసాను. తెల్లగుడ్డు పసుపు రాసినట్టుంది. చిక్కం కట్టాను కదా. తల్లి పాలు నా ఎదుట ఒక్క చుక్క తాగలేదు కదా. మరి ఇదేమిటి? వెంటనే రాయి.

నీ బావ
జగన్నాధం


ఆమదాలవలస,
15-2-2024

బావగారికి బంగారురాజు నమస్కరించి రాయడం.

ఇక్కడ నేనూ మీ చెల్లెలూ బాగానే ఉన్నాం, ఆవిడ మోకాలు తప్ప. మేడ మెట్లు ఎక్కనని కింది గదిలోకి మంచం దింపించుకుంది. మొన్న మిల్లు దగ్గర లారీ అడ్డం తిరిగి, స్టేషను రోడ్డు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడవలేదు. పాసింజరు కూడా గంటంపావు ఆలస్యం. మా అబ్బాయి రాంబాబు విశాఖలో కులాసా.

పిల్ల విషయం. కళ్ళు పచ్చబడ్డాయని కంగారు పడకండి. చిక్కం కట్టినా, మీరు చూడని వేళ ఒకటి రెండు గుక్కలు తాగే ఉంటుంది. ఇంకో మూడు రోజులు బాగా బిగించి కట్టి ఉంచండి. తవుడు నానబెట్టిన నీళ్ళు వడగట్టి పట్టండి, చలవ చేస్తుంది.

డాక్టర్ల జోలికి మాత్రం పోకండి. రాగానే నెత్తురు తీస్తామంటారు. పసిదానికి నెత్తురెక్కడిది? పైగా ఏదో పేరు పెట్టి కాగితం రాసిచ్చారంటే, ఆ కాగితం గుర్రం ఉన్నన్నాళ్ళూ దాని వెంట తిరుగుతుంది. త్రినాథ్ లాంటి వాళ్ళు అలాంటి కాగితం చూస్తే ఆగుతారా? మీ మేలు కోరి రాస్తున్నాను.

ఒకసారి గుర్రాన్ని చూడాలని ఉంది. కొట్టు వదిలి రాలేను.

మీ
బంగారురాజు


రామతీర్థం దగ్గర,
20 ఫిబ్రవరి 2024

వైద్యం కూడా చేసే తవుడు వ్యాపారి బావకి,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అప్పటికి చిక్కం విప్పేసి వారమైంది. విప్పింది నేను కాదు, పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ ఝాన్సీ. ఆవిణ్ణి నేను పిలవలేదు. నీకు ఉత్తరం పోస్టు చేసి నేను ఇంటికి వచ్చేసరికే కుమారి ఫోను చేసేసిందట. ఇంట్లో చెవిటివాడుంటే ఎన్ని పనులు సాఫీగా జరిగిపోతాయో!

సోమవారం పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది. మా కుమారి వయసు కూడా ఉండదు. పిల్ల పడుకునే ఉంది, తల ఎత్తడం లేదు. తల్లి దాని మీద వంగి నాకుతోంది.

"తాతా, దీని మూతికి ఇదేటి?"

"సిక్కమమ్మా. ముర్రుపాలు దీని నెత్తురుకి పడవు."

"ఎవరు సెప్పారు?"

"మా బావ."

"మీ బావ డాక్టరా?"

"తవుడు వ్యాపారం."

ఆవిడ సంచిలోంచి కత్తెర తీసి, రెండు పూటలు కూర్చుని నేను అల్లిన చిక్కాన్ని ఒక్క పెట్టున కత్తిరించేసింది. తరవాత పిల్ల చెవి అంచున సూదితో గుచ్చి, నెత్తుటి బొట్టు గాజుపలక మీద రాసుకుంది. తల్లికీ అలాగే తీసింది. "రా తాతా, నువ్వూ సూద్దువు గాని" అని నన్నూ స్కూటీ ఎక్కించుకుంది. డెబ్భై రెండేళ్ళ వయసులో ఆడపిల్ల వెనక స్కూటీ మీద వెళ్తుంటే ఊళ్ళో వాళ్ళంతా బయటికొచ్చి చూసారు.

ఆసుపత్రిలో గాజుపలక కింద పెట్టి, గొట్టంలోంచి చూడమంది. ముందు నా కనురెప్పే కనబడింది. ఆ తరవాత తెలిసింది బావా. గులాబి రంగు చుక్కలు, చేటలో పోసిన కందిపప్పులాగ. కొన్ని పప్పుల్లో లోపల ఇంకా చిన్న చుక్కలున్నాయి. ఒకదాంట్లో నాలుగు చుక్కలు కలిసి, పువ్వుకి రేకుల్లాగ. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

"అవే పురుగులు. ఎర్రకణాల్లో కూర్చుని వాటిని బద్దలు కొడతాయి. అందుకే కళ్ళు పసుపు. నెత్తురు తాగే పిడుదులు కుట్టినప్పుడు గుర్రాలకి పడతాయివి" అంది.

నాకు రోషం వచ్చింది. "నా సాలలో పిడుదులా? పుట్టి మూడు రోజులు కాలేదు. ఒంటి మీద ఒక్క పిడుదుంటే సూపించు!"

"ఉండవు తాతా. దీన్ని పిడుదు కుట్టలేదు. తల్లిని కుట్టింది, ఎప్పుడో. తల్లి తేరుకున్నాది గాని పురుగు దాని నెత్తుట్లోనే ఉండిపోయింది. దానికేటీ తెలీదు, తింటాది, నడుస్తాది, ఊరేగింపుకెళ్తాది. కడుపులో పిల్లకి మాత్రం ఇచ్చేసింది."

నువ్వు చెప్పిన ముర్రుపాల జబ్బు గురించి కూడా అడిగాను, నీ పరువు పోకూడదని. అలాంటిది ఒకటి ఉందట గానీ ఇది అది కాదట. ఇందులో పాల తప్పు ఏమీ లేదట. పైగా మొదటి రోజు ముర్రుపాలే పిల్లకి ప్రాణమట. "అవి కూడా లేకుండా మూడు రోజులు ఎలా నిలబడిందో మరి" అంది.

ఇంటికొచ్చి ఆ మాట నేను పైకే అనుకుంటుంటే, కుమారి పెరట్లో బట్టలు ఆరేస్తూ, నా వైపు తిరగకుండా చెప్పింది. "నేను పట్టాను. మీరు కొండకెళ్ళినప్పుడు సిక్కం తీసి రెండుసార్లు తాగించి, మళ్ళీ కట్టేసాను. మీరు కట్టిన ముడే ఏసాను."

మావగారి కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నవాడు అందులోంచి లేవాలంటే మోకాళ్ళు ఒక్కటే అడ్డం కాదు. చివరికి, "సాలలోకి రావొచ్చులే" అన్నాను.

"ఎందుకు మావయ్యా, బయట నుంచి సూడ్డం అలవాటైపోయింది" అంది. కానీ మర్నాడు పొద్దున్న సీసా పట్టుకుని వచ్చింది.

పిల్లకి ఇంజక్షన్లు, సెలైను నడుస్తున్నాయి. తల్లి నెత్తురు పెద్ద లాబుకి పంపారు. డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఒకటుంది: ఈ గుర్రానికి ఇంతకు ముందెప్పుడైనా పెద్ద జ్వరం వచ్చి మూత్రం ఎర్రగా పోసిందా అని. నా దగ్గరికి వచ్చిన ఈ ఐదేళ్ళలో లేదు. పెళ్ళి ఊరేగింపుల వ్యాపారమని మీ రాంబాబు దీన్ని కొన్న దగ్గర నుంచి రెండేళ్ళు నీ కొట్టు వెనకే ఉంది కదా. ఒక్క ముక్క రాయి. వచ్చింది, లేదా రాలేదు.

జగన్నాధం


ఆమదాలవలస,
26-2-2024

బావగారికి,

మీ ఉత్తరం అందింది. పిల్లకి వైద్యం జరుగుతున్నందుకు సంతోషం. చిన్న డాక్టర్లు కొత్తగా చదివింది ఎక్కడో ఒకచోట వాడాలి కదా.

ఇక్కడ ఎండలు అప్పుడే ముదిరాయి. కొట్టు ముందు తాటాకు పందిరి వేయించాను. మీ చెల్లెలికి మోకాలికి నూనె రాయడానికి ఒకావిడ వస్తోంది. రైల్వే గేటు దగ్గర వంతెన పని ఎప్పటికి అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

పిడుదుల సంగతి మీరు మీ చుట్టుపక్కల విచారించుకుంటే మంచిది. మీ సాల పక్కనే మేకల మంద పడుకుంటుందని మీరే పోయినేడు రాసారు. మా ఇంట్లో జబ్బు తగిలించుకుని మీ ఇంటికి వచ్చిందని మీ అభిప్రాయమైతే, ఆ మాట తిన్నగానే రాయాల్సింది. డాక్టరు పేరు మీద అడగనక్కర్లేదు. ఆ గుర్రాన్ని మీరు అడిగితే ఇచ్చాను తప్ప నేను అంటగట్టలేదు. ఈ వయసులో మనిద్దరి మధ్యా ఇలాంటివి రాకూడదు.

మీ
బంగారురాజు


రామతీర్థం దగ్గర,
4 మార్చి 2024

బావకి,

రెండు పేజీల్లో పందిరీ, నూనే, వంతెనా ఉన్నాయి. నేనడిగిన ఒక్క ముక్క లేదు. నేను నిన్ను అనుమానించలేదు, గుర్రం సంగతి అడిగాను అంతే. నీ ఉత్తరం చదివాకే అనుమానం మొదలైంది. అలా రాయకుండా ఒట్టి "రాలేదు" అని రాసుంటే, నేను నమ్మి ఊరుకునేవాణ్ణి.

ఇంతలో ఏమైందో విను. శనివారం మా చెల్లెలు కుమారికి ఫోను చేసింది. కోడలుపిల్ల మాటల మధ్యలో పిల్ల జబ్బు చెప్పింది. కమల అందిట, "అయ్యో, పైడికీ అప్పుడిలాగే కదే! వానాకాలంలో నాలుగు రోజులు గడ్డి ముట్టలేదు. కొట్టెనకాల ఎర్రగా పోసీది, నేనే నీళ్ళు కొట్టి కడిగీదాన్ని. కాంపౌండరెవరో సూదేస్తే నెమ్మదించింది" అని. దాని మనసులో ఏ దాపరికమూ లేదు. అది దాచాల్సిన సంగతని నువ్వు దానికి చెప్పినట్టు లేదు.

కుమారి ఆ మాటలు నాకు చెప్పలేదు, కాగితం మీద రాసిచ్చింది. చెప్తే సగం వినబడదని కాబోలు.

లాబు నుంచి కూడా కాగితం వచ్చింది. పైడి నెత్తుటిలో పురుగు ఉంది. పిల్ల తేరుకుంటోంది, నిన్న సాలంతా గెంతింది, బకెట్టు దొర్లించింది. నేను సంబరపడుతుంటే డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది, మందుకి జబ్బు తగ్గుతుంది గానీ పురుగు పూర్తిగా పోతుందని చెప్పలేమని. పిల్లలోనూ ఉండిపోవచ్చు. అది పెరిగి చూడి కడితే దాని పిల్లకీ రావచ్చు. పైడి మళ్ళీ ఈనితే మళ్ళీ ఇదే కావచ్చు.

నా సంగతి ఆలోచించు. గోడ మీద గీతలు ఇంకో పదహారు గీస్తే త్రినాథ్ వస్తాడు. పిల్లల కోసమే తీసుకుంటున్నాడు. చెప్తే తీసుకోడు. చెప్పకపోతే తీసుకుంటాడు, ఏడాదికోసారి ఒక పిల్ల కళ్ళు పచ్చబడటం చూస్తాడు. ఇద్దరినీ నేను ఉంచుకోలేను. అమ్మకుండానూ ఉండలేను. సాలకి ఒక్కటే గుమ్మం ఉంది బావా, దాంట్లో నేనే అడ్డంగా నిలబడ్డట్టుంది.

ఈసారి పందిరి గురించి రాయకు.

జగన్నాధం


ఆమదాలవలస,
9-3-2024

బావగారికి,

వచ్చింది.

రాంబాబు దీన్ని పర్లాకిమిడి సంతలో కొన్న రెండో ఏడు, శ్రావణంలో. చెవుల వెనకా తోక కిందా పిడుదులు కుప్పలుగా ఉండేవి. మేము పట్టించుకోలేదు. జ్వరం, ఎర్ర మూత్రం, కళ్ళు పచ్చగా. సూది వేయిస్తే వారంలో లేచి నడిచింది. తగ్గిపోయింది కదా అనుకున్నాను. తగ్గిన జబ్బు గురించి ఎవరైనా చెప్పుకుంటారా? మీరు అడిగారు, ఇచ్చేసాను. అప్పటికి నేను దాచానని అనుకోలేదు, నమ్మండి.

దాచింది తరవాత. మొదటి పిల్ల పోయినప్పుడు మీరు రాసిన ఉత్తరంలో "కళ్ళు పసుపు పచ్చగా" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పైడి కళ్ళు గుర్తొచ్చాయి. కమలకి చదివి వినిపించకుండా ఉత్తరం మడిచేసాను. అప్పుడే నిజం రాయాల్సింది. "మీరు జబ్బు గుర్రాన్ని అంటగట్టారు" అని మీరు అంటారని, మీ చెల్లెలు వింటుందని భయపడ్డాను. ఏదో పుస్తకంలో గుర్రాల ముర్రుపాల గురించి నాలుగు ముక్కలు చదివి ఉన్నాను. అవే రాసాను. ఆ వేళకి సరిపోయింది.

ఆ మాట కుమారి మెడకి చుట్టుకుంటుందని ఆలోచించలేదు. ఆ అమ్మాయిని సాలలోకి రానివ్వడం లేదని మీరు తరవాత రాసినప్పుడు తెలిసింది. అప్పుడైనా రాయొచ్చు. ఒకసారి రాసిన అబద్ధం లోంచి బయటికి రావాలంటే, దాన్ని నేనే రాసానని మళ్ళీ రాయాలి. ప్రతి ఉత్తరంలోనూ ఇప్పుడు రాద్దాం అనుకుని, రైళ్ళ గురించి రాసేవాణ్ణి. రైళ్ళు ఎందుకు అన్నేసి రాసానో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

ఈసారి చిక్కం మీరు నా మాట మీదే కట్టారు. పిల్ల పోయి ఉంటే అదీ నా వల్లే. కమలకి నిన్న చెప్పాను. మంచం మీద నుంచి లేచి, ఆ మోకాలితోనే మేడ ఎక్కి పోయింది. ఇంకా దిగలేదు. భోజనం పైకే పంపుతున్నాను.

ఈ ఉత్తరం కుమారికి చదివి వినిపించండి. త్రినాథ్ విషయంలో నేను సలహా చెప్పను. చెప్పే ముఖం నాకు లేదు.

బంగారురాజు


రామతీర్థం దగ్గర,
21 మార్చి 2024

బావకి,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు కావొస్తోంది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టాను. మొదటిది తిట్లతో నిండిపోయింది, రెండోది కూడా. మూడోది మీ వంతెన ఎంతవరకూ వచ్చిందని అడిగింది, అది చూసి నాకే సిగ్గేసింది.

నీ ఉత్తరం కుమారికి చదివి వినిపించాను. వంటింటి గడప మీద కూర్చుని విన్నది.

"అయిపోయిందా మావయ్యా?" అంది.

"అయిపోయింది."

"పొయ్యి మీద పాలున్నాయి" అని లేచి వెళ్ళిపోయింది. మూడేళ్ళ కిందట నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు ఏడ్చింది. అప్పుడు ఏడ్చినందుకే ఇప్పుడు ఏమీ అనలేదనుకుంటాను. ఆ రాత్రి నవీన్ కొత్తవలస నుంచి డ్యూటీ దిగి వస్తే, వాడికి నేనే చెప్పాను. వాడూ ఏమీ అనలేదు. మా ఇంట్లో అందరూ నాకు వినబడదనుకుని మానేస్తారు.

నిన్న త్రినాథ్ వచ్చాడు. చెప్పిన రోజుకే, వ్యానుతో, కొత్త పగ్గాలతో.

"ఏటి మావా, ఈ పిల్ల ఇంత జోరుగా ఉన్నాది! నాన్న పోలికే!" అని పళ్ళు చూసాడు, గిట్టలెత్తి చూసాడు, పైడి కడుపు తడిమాడు. ఆ తరవాత అందరూ అడిగే మాటే అడిగాడు. "రోగాలేటైనా ఉన్నాయేటి? ఇప్పుడే సెప్పీ మావా, ఎనకాల మాటలొద్దు."

"లేవు" అన్నాను.

నిజంగా అన్నాను బావా. రాత్రంతా అనుకున్నది వేరు. నోట్లోంచి వచ్చింది ఇది. ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నేను కాక నా పక్కన ఎవరో అన్నట్టుంది.

కుమారి పిల్ల తాడు పట్టుకుని అక్కడే ఉంది. నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఇంతకన్నా నా దగ్గర ఏమీ ఎదురుచూడనట్టు చూసింది. చూసి, తాడు త్రినాథ్ చేతికిచ్చి, పక్కకి జరిగింది.

పైడిని వ్యాను ఎక్కించారు. పిల్ల వెనకే తనంతట తనే ఎక్కింది. తలుపు వేసారు. నలభై రోజుల నుంచి గోడ మీద గీస్తున్నది దీనికోసమే కదా. వ్యాను కదిలి వీధి మలుపు దాకా వెళ్ళింది. ఆవు అడ్డం వచ్చి ఆగింది. అది అడ్డం రాకపోతే ఏం జరిగేదో నేను చెప్పలేను. నా కాళ్ళు పరిగెత్తాయని మాత్రం తెలుసు, అవి నా అనుమతి అడగలేదు. చేతికర్రతో వ్యాను వెనక తలుపు మీద కొట్టాను.

త్రినాథ్ దిగి, "ఏటి మావా? ఏటయ్యింది?" అన్నాడు. లేదా అలాంటిదే ఏదో అన్నాడు, నాకు వ్యాను మోత తప్ప ఏమీ వినబడలేదు.

"నెత్తుట్లో పురుగున్నాది. తల్లికున్నాది, పిల్లకీ ఉండుంటాది. మొదటి పిల్ల దాంతోనే పోయింది. రేపు నీ దగ్గర పుట్టినవాటికీ రావొచ్చు. లాబు కాగితం ఇంట్లో ఉన్నాది" అన్నాను.

"మరి ఇందాక లేదన్నావేటి?"

"ఇందాక అబద్ధమాడాను."

"ఎంత మనిసివి మావా నువ్వు! ఆ ఆవు రాపోతే కొత్తవలస ఎల్లిపోదును కదా!" అన్నాడు.

"ఎల్లిపోదువు" అన్నాను.

వ్యాను వెనక్కి వచ్చింది. త్రినాథ్ ఇద్దరినీ దింపి, తాళ్ళు విప్పుకుని, తన పగ్గాలు చుట్టుకుని, టీ తాగమంటే తాగకుండా పోయాడు. పొయ్యేముందు మాత్రం డాక్టరమ్మ ఫోను నంబరు కుమారిని అడిగి తీసుకున్నాడు. తన గుర్రాలకీ నెత్తురు పరీక్ష చేయించుకుంటాడట.

కాబట్టి ఇద్దరూ ఇక్కడే ఉన్నారు. ఊరేగింపులకి పైడిని తోలుకెళ్ళడానికి మనిషి కావాలి. మేత కావాలి. మగ గుర్రం ఉన్న చోటికి దీన్ని పోనివ్వకూడదు. వారానికి రెండుసార్లు చెవుల వెనకా తోక కిందా పిడుదులు వెతకాలి, దీని నుంచి ఇంకో గుర్రానికి వెళ్ళకుండా. ఈ వెతకడం ఇప్పుడు కుమారి చేస్తోంది, నాకు కళ్ళు ఆనవు. పైడికి పన్నెండేళ్ళు. గుర్రాలు పాతికేళ్ళ దాకా బతుకుతాయి. పిల్లకి నలభై ఒక్క రోజు. నాకు డెబ్భై రెండు. ఇంక నేను ఎటూ కదిలేది లేదు.

నీ మీద కోపం పోలేదు. కానీ నిన్న నా నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసాక, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. కమల మేడ దిగిందో లేదో రాయి. దిగకపోతే నేను వచ్చి పిలుస్తాను, మీ పాసింజరు ఏ వేళకి వస్తే ఆ వేళకి.

వ్యాను దిగిన పైడి దాహంతో ఉంది. నూతి నీళ్ళు తోడి ఒక బకెట్టు పెడితే ఒక్క గుక్కలో తాగేసింది. ఇంకో బకెట్టు తోడి పెట్టాను. సగం తాగి, మిగతాది కాలితో తన్నేసింది.

జగన్నాధం